ఆంధ్రాలో దురియన్ చెట్టు

మా పాఠక మిత్రుల బృందంలో పుస్తకాలు చదివేవాళ్ళ కంటే చదవమని చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఎక్కువే. ఇందులో తప్పుపట్టడానికేం లేదు. చదవడానికి వారాలు పడుతుంది, చెప్పడానికి బొటనవేలు చాలు. పొద్దున నేను బ్యాంకుకు వెళ్ళే రైలెక్కేసరికే ఫోన్లో గ్రూపు నిండిపోయి ఉండేది. పుస్తకం అట్ట ఫోటో, పక్కన కాఫీ కప్పు, కింద "మస్ట్ రీడ్ లా!" అని ఒక ముక్క, మా దేశంలో ప్రతి మాటకూ తోకలా తగిలించే 'లా'తో సహా. కప్పులో కాఫీ సగం అయిపోయి ఉండేది. పుస్తకం మాత్రం ఒక్క పేజీ నలక్కుండా కొత్త పెళ్ళికొడుకులా ఉండేది.

నెలకోసారి, ఆదివారం పొద్దున, బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక అరిటాకు భోజనాల హోటలు పై అంతస్తులో కలుస్తాం. కిందనుంచి సాంబారు వాసన, కిటికీలోంచి మోనోరైలు చప్పుడు వస్తుంటాయి. అందరం కౌలాలంపూర్ వాళ్ళమే, ఈ దేశంలో పుట్టినవాళ్ళమే. మా పూర్వీకులు ఎస్టేట్లలో పనికి ఓడల మీద వచ్చారు. కొందరు గుమాస్తాలుగా, ఎక్కువమంది కూలీలుగా. ఇప్పుడు అడిగి చూడండి, అందరి తాతలూ గుమాస్తాలే. తోటల్లో కాయలు ఎవరు కోశారో ఎవరికీ తెలియదు. మాకు తెలుగు అర్థమవుతుంది. మాట్లాడితే సగం తమిళంలోకి, పావు మలయ్‌లోకి జారిపోతుంది. ఇక చదవడమంటారా, తెలుగు అక్షరాలు మావాళ్ళకు పండగనాడు బ్యానర్ మీద చూసి దణ్ణం పెట్టుకునే వస్తువులు.

బృందంలో చాలామంది ఉన్నారుగానీ మోత మోగించేవాళ్ళు ముగ్గురు. మొదటివారు మా అధ్యక్షులు. ఇన్సూరెన్సు కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన పుస్తకాలు చదవరు, కారులో వింటారు, అదీ రెట్టింపు వేగంతో. తెల్లవారకముందే లేచి కోటీశ్వరుడవడం ఎలా అని చెప్పే పుస్తకాలంటే ఆయనకు ప్రాణం. మీటింగుకు మాత్రం ఎప్పుడూ ఆలస్యంగా వస్తారు. రెండో ఆవిడ లాయరు. పగలంతా విడాకుల కేసులు చూసి, ఇంటికెళ్ళి డ్రాగన్లు మనుషుల్ని ప్రేమించే లావుపాటి నవలలు చదువుతుంది. డ్రాగన్ అయితే మెయింటెనెన్స్ ఎగ్గొట్టదని ఆవిడ అభిప్రాయం. మూడో అమ్మాయి పళ్ళ డాక్టరు. ఆ పిల్ల చదివే ప్రతి నవలలోనూ ఒక పిల్లి, ఒక కాఫీ షాపు, ఉద్యోగం మానేసిన ఒక దిగులు మనిషి ఉంటారు. దేశం మారుతుంది, పిల్లి రంగు మారుతుంది, దిగులు మారదు. "మనసు హీల్ అవుతాది అక్కా," అని నాకు ఒకదాని తర్వాత ఒకటి అంటగట్టింది. చదివాను. నా మనసుకేమీ కాలేదుగానీ పిల్లులంటే కొంచెం చిరాకు మొదలైంది.

వీళ్ళ సిఫార్సులన్నీ అయ్యాక చివరి అరగంట మా నాన్నది.

నాన్న బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి ఎస్టేటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాడు. (మా ఇంట్లో ఇది నిజం. ఆయన నాన్న మాత్రం కాయలు కోసినవాడే, ఆ మాట నాన్న ఎక్కడైనా చెబుతాడు.) తెలుగు అక్షరాలు ఆయన తండ్రి దగ్గర నేర్చుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నాకు నేర్పాడు. అమ్మ పోయాక నా దగ్గరకు వచ్చి ఉంటున్నాడు. మొత్తం బృందంలో తెలుగు గడగడా చదవగలవాడు ఆయనొక్కడే. నేను వేలు పెట్టి కూడబలుక్కునే రకం. అందుకని ప్రతి నెలా ఆయన ఒక తెలుగు నవలలోంచి ఒక అధ్యాయం పైకి చదివి వినిపిస్తాడు. అందరూ వింటారు. ఫోన్లు చూసుకుంటూ వింటారు, వడ తింటూ వింటారు, మొత్తానికి వింటారు. ఆయన కోసం ఒక పేము కుర్చీ ఉంది. అందులో ఇంకెవరూ కూర్చోరు. ఆదివారం తొడుక్కోవాల్సిన చొక్కాను శుక్రవారమే ఇస్త్రీ చేయించుకుని హ్యాంగరుకు తగిలించుకుంటాడు. నెలలో మిగతా రోజులన్నీ ఆ చొక్కా కోసం వేచి ఉన్నట్టే గడుపుతాడు. ఆ కుర్చీ పోతే ఈ ఊళ్ళో ఆయనకు మిగిలేవి నా ఫ్లాటు, నా టీవీ, నా ఓపిక. మూడూ చిన్నవే.

ఆ కుర్చీ మీద మా అధ్యక్షులకు ఎప్పటినుంచో ఒక కన్ను ఉంది. "అంకుల్‌కి శ్రమ దేనికి లా? ఇండియాలో యాప్ ఉన్నాది. తెలుగు నవలలన్నీ యాక్టర్లు సదువుతారు. స్పీడ్ కూడా పెంచుకోవచ్చు." రెండు నెలలకోసారైనా ఈ మాట అనకపోతే ఆయనకు తిన్నది అరగదు.

"నాకు శ్రమేటి?" అనేవాడు నాన్న, పేజీ తిప్పుతూ.

కిందటేడు మొదలుపెట్టిన నవల ఆంధ్రానుంచి ఎవరో చుట్టం తెచ్చి ఇచ్చింది. చాలా లావు. పొగాకు పండించే ఊళ్ళో ఒక ఆడమనిషి, పొలం కోసం సొంత అన్నదమ్ముల మీద కోర్టుకెక్కుతుంది. నాలుగు అధ్యాయాలు నాన్న చక్కగా చదివాడు. ఐదో అధ్యాయం రోజున నేను ఆయన వెనకే, పుస్తకం కనిపించేలా కూర్చున్నాను. చదువు మర్చిపోకుండా ఉండేందుకు అలా వెంట వెంట చూసుకోవడం నాకు అలవాటు. పేజీలో ఆవిడ రైల్లో ఒంగోలు వెళుతోంది. నాన్న నోట్లో ఆవిడ కాలవ గట్టున నిలబడి ఉంది. కాలవనిండా కొబ్బరికాయలు తేలుతూ వస్తున్నాయి. ఆవిడ చేతిలో పొడుగాటి కొక్కెం కర్ర. కాయలన్నిటినీ ఒక గుంపు చేసి తోసుకుంటూ పోతోంది.

నేను తప్పు పేజీ చూస్తున్నానేమో అనుకున్నాను. ముందుకు వంగి చూశాను. నాన్న రెండేసి పేజీలు ఒకేసారి తిప్పుతున్నాడు. ఆ పేజీల్లో ఎక్కడా కాలవ లేదు, కొబ్బరికాయలు లేవు. అవి ఉన్నది మా బాగన్ దాతుక్‌లో. కోసిన కాయల్ని కాలవలో పడేసి ఎస్టేటు షెడ్డుదాకా నీళ్ళమీదే తోలేవాళ్ళు.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం బ్యాంకునుంచి పెందలాడే వచ్చాను. నాన్న కిటికీ దగ్గర ఆ పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని, భూతద్దం పట్టుకుని, తల పక్కకు వంచి, కంటి చివరనుంచి అక్షరాన్ని దొంగను పట్టుకున్నట్టు పట్టుకోవాలని చూస్తున్నాడు. చూపు అంచుల్లో బాగానే ఉంది, నడిమధ్య మసక కమ్మేసింది. అందుకే గోడలు గుద్దుకోకుండా నడుస్తాడు, గొంతును బట్టి మనుషుల్ని పలకరిస్తాడు, ఎవరికీ అనుమానం రాదు. అంతకుముందు కళ్ళు మసకంటూ ఆస్పత్రికి ఒక్కడే వెళ్ళొచ్చి, "తగ్గిపోతాదన్నారు," అని నాకు చెప్పింది అబద్ధమన్నమాట. చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఏడుపొచ్చింది. పొయ్యి మీద పెట్టిన పప్పు కూడా మాడిపోయింది.

అడగలేదు. అడిగితే ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే కుర్చీ దిగాలి. దిగితే అక్కడ అధ్యక్షుల వారి యాప్ కూర్చుంటుంది, రెట్టింపు వేగంతో.

ఇక ఆ నవలకు పట్టిన వైభోగం వినండి. తర్వాతి అధ్యాయంలో పొగాకు ఊరి ఆడమనిషి అన్నంలోకి ఇకాన్ బిలిస్ వేపింది. మా దేశంలో పసిపిల్లలకు కూడా తెలిసిన ఎండు నెత్తళ్ళే అవి, పేరు అచ్చమైన మలయ్. అయిపోయింది, పట్టుబడ్డాడు అనుకున్నాను. పళ్ళ డాక్టరు చెయ్యెత్తింది.

"అంకుల్, ఆంధ్రాలో కూడా ఇకాన్ బిలిస్ తింటారా? సో సిమిలర్ లా! మన కల్చర్ ఎక్కడికీ పోలేదు గదా!"

అందరూ తలలూపారు. లాయరమ్మ కళ్ళు కూడా తుడుచుకుంది. ఆ రాత్రికి గ్రూపులో ఆవిడ రాసింది: ఈ ఏడాది తాను చదివిన పుస్తకాలన్నిటిలోకీ ఇది గొప్పది, మట్టివాసన గుప్పుమంటోంది అని. 'చదివిన' అని రాసింది. మర్నాటికి అందరూ చదివేసినవాళ్ళే. అధ్యక్షులు ఐదు నక్షత్రాలిచ్చి, రచయితకు ఆంధ్రా పల్లె జీవితం మీద ఉన్న పట్టు గురించి ఇంగ్లీషులో ఒక పేరా రాశారు. కోలాటం నేర్చుకునే బృందానికీ, గుడి కమిటీకీ, పెనాంగ్‌లో ఉన్న వియ్యాలవారికీ సిఫార్సులు వెళ్ళాయి. లోకంలో లేని పుస్తకాన్ని అంతమంది అంత శ్రద్ధగా చదవడం నేను ఎక్కడా చూడలేదు.

నాన్న నానాటికీ తెగించిపోయాడు. ఒక నెల సముద్రపు కట్ట తెగి ఉప్పునీళ్ళు తోటలోకి వచ్చేశాయి. ఊరంతా మోకాటి లోతులో నిలబడి సంచులు మోస్తోంది. ఒంగోలు కోర్టు ఎక్కడికి కొట్టుకుపోయిందో ఎవరూ అడగలేదు. ఇంకో నెల ఆ ఆడమనిషి పెరట్లో, మా వైపు తప్ప ఆంధ్రాలో కనిపించని దురియన్ చెట్టు మొలిచింది. ఘాటు వాసన కొట్టే ముళ్ళపండు రాలి ఆవిడ పెదనాన్న ఇంటి రేకుల కప్పుకు చిల్లి పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. నాన్నకు మతి కూడా తప్పుతోందేమోనని భయం వేసింది.

"రాస్తే ఇలాగ రాయాలి!" అన్నారు అధ్యక్షులు. "దురియన్ వాసన పేజీలోంచి కొడతన్నాది."

ఇదంతా ఎలా ముగిసేదో, అధ్యక్షులకు ఇంకో గొప్ప ఆలోచన రాకుండా ఉంటే. సభ్యులు అత్యధికంగా సిఫార్సు చేసిన పుస్తకం కాబట్టి, ఇండియానుంచి తలా ఒక కాపీ తెప్పిస్తానన్నారు. ప్రతి ఇంట్లో షోకేసులో ఉండాలట. నేను చేయగలిగినంత చేశాను. బరువు ఎక్కువన్నాను, కస్టమ్స్‌లో ఆగిపోతాయన్నాను, తేమకు చెదలు పడతాయన్నాను.

"కల్చర్ అమ్మా, కల్చర్! బోలే లా, అన్నీ అవుతాయి," అన్నారాయన.

అన్నీ అయ్యాయి. అట్టపెట్టెలు వచ్చాయి. ఆ ఆదివారం బల్ల మీద పుస్తకాలు దొంతరగా పేర్చి, పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. తలా ఒకటి గుండెలకు హత్తుకుని ఫోటో దిగారు. లాయరమ్మ తన కాపీని తలకిందులుగా పట్టుకుంది, ఫోటోగ్రాఫరుకు కూడా తేడా తెలియలేదు. నాన్న పేము కుర్చీలో తన పాత కాపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వేళ్ళు అట్ట అంచు వెంబడి పాకుతున్నాయి. నేను వెనక నిలబడ్డాను, కూర్చోవడం చేతకాక.

అప్పుడు అధ్యక్షుల వారి చెయ్యి ఊరుకోలేదు. ఫోన్ తీశారు. "ఈ కొత్త యాప్ సూడండి. కెమెరా పెడితే సాలు, ఏ లాంగ్వేజైనా ఇంగ్లీష్ సేసేస్తాది. దురియన్ సీన్ పెడతాను ఉండండి." నడిమధ్య పేజీ తెరిచి కెమెరా పెట్టారు. తెరమీద వచ్చింది చదివారు. జడ్జిగారు సాక్షిని పొగాకు ఆరబెట్టే బేరన్ గురించి అడుగుతున్నాడు. ఇంకో పేజీ పెట్టారు. ప్లీడరు దగ్గుతున్నాడు. ఇంకోటి. గుమాస్తా దస్తావేజు తెస్తున్నాడు.

కింద హోటల్లో పళ్ళేలు కడుగుతున్న శబ్దం వినిపించింది.

"కట్ట ఎక్కడ?" అంది లాయరమ్మ. "ఆ నీళ్ళు వచ్చేది?"

"ఇకాన్ బిలిస్?" అంది పళ్ళ డాక్టరు, మెల్లిగా.

అధ్యక్షులు నాన్న వైపు చూశారు. తర్వాత లాయరమ్మ వైపు. ఆవిడ పళ్ళ డాక్టరు వైపు చూసింది. ఒక్కొక్కరి మొహంలో తాము గ్రూపులో రాసిన పేరాలు కదిలాయి. ఐదు నక్షత్రాలు, మట్టివాసన, పెనాంగ్ వియ్యాలవారు. పుస్తకంలో కట్ట లేదని అంటే, మరి మీరు చదివారన్నారే అని ప్రపంచం అడుగుతుంది. ప్రపంచం అంటే ఆ గదిలోవాళ్ళే.

"ఐయో, ఈ యాప్‌కి తెలుగు రాదు లా," అన్నారు అధ్యక్షులు, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "మన భాష సాలా డీప్."

అందరికీ ఊపిరి వచ్చింది. అవునవును, చాలా డీప్ అన్నారు. అది ఫ్లాష్‌బ్యాక్ అయి ఉంటుందని పళ్ళ డాక్టరు తేల్చింది. లాయరమ్మ తన కాపీని బ్యాగులో వేసి జిప్పు లాగింది. అందరూ కుర్చీలు సర్దుకుని, అంకుల్, కానివ్వండి అన్నారు.

గండం గడిచింది, కుర్చీ దక్కింది. సంతోషంతో నాన్న భుజం మీద చెయ్యి వేశాను. ఆయన నా చెయ్యి తీసేశాడు. పుస్తకం తెరవలేదు. "గొంతు బాగోనేదు," అని లేచాడు.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఇస్త్రీ చొక్కా విప్పి కుర్చీ మీద విసిరేశాడు. ఆ చొక్కాను అలా విసరడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్కడే! ఒక్కడైనా అడిగినాడేటే?" అన్నాడు. "నేను దొరికిపోతానని నెలనెలా సచ్చినాను. ఆ ఎండు సేపలు నోరు జారి వచ్చేసినాయి. అయిపోయింది అనుకున్నాను. ఎవులూ అననేదు. అప్పుడు కావాలనే కట్ట తెంపినాను. అదీ ఇన్నారు. దురియన్ పెట్టినాను గదే! ఆంధ్రాలో దురియన్ సెట్టేటి? ఒక్కడైనా లేచి, ఓయ్ ముసలోడా, ఏటి కోతలు కోస్తన్నావు అంటాడని సూసినాను. ఇయాల పుస్తకం సేతిలో ఎట్టుకుని కూడా అననేదు. అంటే ఎవులూ సదవనేదు. మనోళ్ళలో సదివేవోడు ఒక్కడూ లేడు."

పట్టుబడినందుకు సిగ్గుపడతాడనుకున్న మనిషి పట్టుబడనందుకు కుమిలిపోతున్నాడు. నిజం చెప్పడం ఒకటే మిగిలింది.

"నాకు ఐదో అధ్యాయం నాడే తెలుసు నాన్నా."

ఆయన తల పక్కకు తిప్పి, కంటి చివరనుంచి నన్ను చూశాడు. "ఎలాగ?"

"వెనక కూర్చుని పేజీ చూస్తున్నాను. అందులో ఆవిడ రైల్లో ఉంది."

నాన్న కుర్చీ దగ్గరకు వెళ్ళాడు. చొక్కా తీసి, ముడతలు అరచేత్తో సాపు చేసి, మళ్ళీ హ్యాంగరుకు తగిలించాడు.

"రైల్లో ఎక్కడికెల్తన్నాది?" అన్నాడు.

తర్వాతి నెల మీటింగులో నాన్న పేము కుర్చీ పక్కన నిలబడి, కళ్ళు పోయాయని చెప్పాడు. ఇక్కణ్ణుంచి అమ్మాయి చదువుతుందని, ఐదో అధ్యాయం మళ్ళీ మొదలుపెడుతుందని చెప్పాడు. అందరూ అయ్యో అన్నారు. అధ్యక్షులు మూడోసారి అయ్యో అంటూనే యాప్ సంగతి ఎత్తబోయారు. ఈలోపు నాన్న నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా ఒక ప్లాస్టిక్ స్టూలు లాక్కున్నాడు.

వేలు పెట్టి చదివాను. ఆవిడ రైలెక్కింది. కిటికీ పక్కన కూర్చుంది. ఎదురు సీట్లో ప్లీడరు గుమాస్తా కాగితాల కట్ట విప్పాడు. నేను ఒక పేజీ దాటేసరికి అందరూ ఇబ్బందిగా కదిలారు. పళ్ళ డాక్టరు నా వైపు జాలిగా చూసింది. లాయరమ్మ గొంతు సవరించుకుంది. చివరికి అధ్యక్షులే పూనుకున్నారు.

"ఏటీ అనుకోకమ్మా," అన్నారు, చాలా మర్యాదగా. "నీకు సదవడం సరిగ్గా రావట్లేదు. సొంతంగా కల్పించి సెప్తన్నావు. మేమందరం సదివినాం గదా ఈ పుస్తకం. ఇందులో రైలు లేదు లా."

అందరూ తలలూపారు. నేను పుస్తకం మీదనుంచి వేలు తీయకుండా నాన్న వైపు చూశాను. ఆయన స్టూలును ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. కళ్ళు మూసుకుని, చెవి నావైపు పెట్టాడు.

"నువ్వు సదవమ్మా," అన్నాడు. "నేనింటన్నాను."